ఇండియన్ రైస్‌గ్రాస్ గింజలు మొలవడం లేదు, పెంచినవాళ్లు చెప్పండి

మేముండేది నెవాడాలో, రెనో దగ్గర. ఇంటి వెనక ఇసుక నేలలో లాన్ తీసేసి ఈ ఎడారి గడ్డే వేద్దామని గట్టిగా అనుకున్నాం. దుబ్బులుగా పెరుగుతుంది, ఒకసారి నాటుకుంటే నీళ్లు పెద్దగా అడగదు, సన్నటి తీగల్లాంటి కంకులు గాలికి ఊగుతుంటే చాలా బాగుంటుంది కూడా. గింజ మాత్రం నల్లగా, తెల్లటి నూగుతో, గోటితో నొక్కినా చితకనంత గట్టిగా ఉంది. వసంతంలో వేసినవి ఒక్కటీ లేవలేదు. ఆ పెంకు మెత్తబడాలంటే చలికాలమంతా తడి మట్టిలో ఉండాలని, ఇసుకలో రెండు మూడు అంగుళాల లోతున వేయాలని చదివాను. అక్టోబర్ చివర్లో విత్తితే చాలా, ముందు శాండ్‌పేపర్‌తో రుద్దాలా? ఎలుకలు తవ్వుకుపోకుండా ఏం చేస్తున్నారు? మొలిచాక మొదటి వేసవిలో ఎన్ని రోజులకోసారి తడపాలి? నీళ్లెక్కువైతే చచ్చిపోతుందని అదొక టెన్షన్.