అప్‌డేట్: మా అమ్మాయిని మైగ్రేషన్‌కి పంపించాం

నవోదయలో తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని మైగ్రేషన్ కింద ఏడాదిపాటు మధ్యప్రదేశ్ పంపాలా వద్దా అని పోయినేడాది మిమ్మల్ని అడిగాను. పంపించాం. మొన్ననే తిరిగొచ్చింది.

హిందీ రాష్ట్రాలకూ మిగతా రాష్ట్రాలకూ మధ్య తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని మార్చుకోవడం నవోదయల పద్ధతి. వినడానికి బాగానే ఉంది కానీ, రైలు కదులుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మొదటి నెలంతా ఫోన్లో పెరుగన్నం కావాలని ఒకటే గోల. దీపావళి తర్వాత గొంతు మారింది.

ఇప్పుడు అటుకులతో పోహా తనే చేస్తోంది, సోంపు వేసి మరీ. స్నేహితురాలి నోట్‌బుక్ చివరి పేజీ ఫోటో చూపించింది. ఆ పిల్ల తన పేరు తెలుగులో రాసుకుంది. తలకట్లన్నీ కలిపి, హిందీలో లాగా పైన పొడుగ్గా ఒకే గీత గీసేసింది! ఆ ఫోటో ఎన్నిసార్లు చూసుకున్నానో.

"వాళ్లు ఇంట్లో మాట్లాడేది మాళ్వీ అమ్మా, హిందీ బడిలోనే" అని నాకు చెప్పింది. మనం అందరినీ కలిపి 'హిందీవాళ్లు' అనేస్తాం కదా.

లెక్కల్లో కొంచెం వెనకబడింది, నిజమే. ట్యూషన్ పెట్టించాం. వేసవిలో ఆ స్నేహితురాలి కుటుంబం మా ఇంటికి వస్తోంది. వాళ్ల కోసం కారం తగ్గించి ఒక చిన్న జాడీ ఆవకాయ విడిగా పెట్టాను.