పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కి వెళ్లాలా, ఇక్కడే ఉండి గేట్ రాయాలా?

మిరపతోట:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర ఊరు. 2023లో బీటెక్ సీఎస్‌ఈ అయింది, 7.4 సీజీపీఏ, రెండు బ్యాక్‌లాగ్స్ ఉండి క్లియర్ అయ్యాయి. హైదరాబాద్‌లో ఓ సర్వీస్ కంపెనీలో సపోర్ట్ ప్రాజెక్ట్, నైట్ షిఫ్టులు, చేతికి 32 వేలు. అమెరికాలో ఎంఎస్‌కి 40 లక్షలు కావాలి, నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నాడు. మా పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, ‘ముందు నువ్వు రారా, మిగతాది తర్వాత చూసుకుందాం’ అంటాడు. రూమ్మేటేమో ఇక్కడే ఎంటెక్ సీటు కోసం గేట్ పరీక్ష రాయమంటాడు. నేనింకా అక్కడి అడ్మిషన్‌కి రాసే జీఆర్‌ఈ పరీక్ష స్లాటే బుక్ చెయ్యలేదు, అమ్మ అప్పుడే చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చింది. ఏం చెయ్యమంటారు?

గోదారిగట్టు:
వెళ్లిపో తమ్ముడూ, ఆలోచించకు. నేను 2015లో ఇల్లు బ్యాంకులో పెట్టి వెళ్లా. చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి) ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాబట్టి ఇంకో రెండేళ్లు, ఆ మూడేళ్ల జీతంతోనే లోన్ మొత్తం తీర్చేశా. ఆ తర్వాత ఉద్యోగానికి కావాల్సిన హెచ్‌1బీ వీసా రాకపోయినా అప్పు లేకుండా ఇంటికొస్తావ్.

నిద్రలేదు:
అన్నా, నీ రోజులు వేరు. నేను 2023 డిసెంబర్‌లో కోర్సు పూర్తి చేశా. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటితే స్టేటస్ పోతుంది, నాకు 82వ రోజున దొరికింది, ఆ మూడు నెలలు ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి బాగానే ఉన్నానని అబద్ధాలు చెప్పడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆ తర్వాత హెచ్‌1బీ లాటరీ. ఏడాదికి హెచ్‌1బీలు 85 వేలు, అందులో అక్కడి మాస్టర్స్ వాళ్లకి విడిగా పెట్టింది 20 వేలే. 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్‌కి లక్ష డాలర్ల ఫీజన్నారు, అది చూశావా?

గోదారిగట్టు:
చూశా. అక్కడే చదువుకుని స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌1బీకి స్టేటస్ మార్చుకునేవాళ్లకి ఆ ఫీజు లేదని తర్వాత చెప్పారుగా, అది కూడా రాయి. సగం చెప్పి పిల్లాణ్ణి భయపెట్టకు.

నిద్రలేదు:
సరే, లేదు. రెండేళ్ల తర్వాత ఏం ఉంటుందో నువ్వు రాసిస్తావా?

బ్యాంకుబాబాయ్:
మీ కొట్లాట తర్వాత. బాబూ మిరపతోట, నేను చదువుల లోన్లు చూసినవాణ్ణి, అందుకే అడుగుతున్నా. పొలం మీద చదువు లోన్ మామూలుగా బ్యాంకులు ఇవ్వవు. అప్పు తీరకపోతే సర్ఫేసీ చట్టం (బ్యాంకులు కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని తీసుకునే చట్టం) కింద వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకోవడం కుదరదు కాబట్టి, ఇల్లో ప్లాటో తెమ్మంటారు. మరి మీ నాన్నగారు పొలం ఎక్కడ తాకట్టు పెడుతున్నట్టు? ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకైతే 40 లక్షలకి నెలకి 80 వేలు. అదే బ్యాంకులో 11 శాతం వేసుకున్నా నెలకి సుమారు 37 వేలు, అంటే నీ జీతం కంటే ఎక్కువ. ఎంఎస్ మంచిదా కాదా అన్నది పక్కనపెట్టి ముందు ఇది కనుక్కో.

గేటుమామ:
గేట్ అయితే స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎంటెక్‌లో నెలకి 12,400 స్టైపెండ్ ఇస్తారు. ఇంటికి పంపలేవు కానీ ఇంటి నుంచి అడగవు కూడా. నేను నైట్ షిఫ్ట్ చేస్తూ రాశా, మొదటిసారి పోయింది, రెండోసారి ఎన్‌ఐటీ వచ్చింది. నిజం చెప్పాలంటే సీఎస్ పేపర్ చాలా గట్టిది, ఐఐటీలో మంచి స్పెషలైజేషన్ కావాలంటే ర్యాంకు వందల్లో ఉండాలి, ‘సరదాగా రాసి చూద్దాం’ అంటే అస్సలు కుదరదు.

రైన్‌నది:
జర్మనీ ఎవరూ అనలేదేం? పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, కానీ బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, మన చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసిచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ మనలాంటివాళ్ల దగ్గర ఫీజు తీసుకోవడం మొదలుపెట్టింది. భాష రాకపోతే ఉద్యోగానికి చుక్కలు కనిపిస్తాయి, అది నా అనుభవం.

ల్యాబ్‌అక్క:
తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివా. ఏం చదవాలనుకుంటున్నావో ఒక్క ముక్క లేదు. నేను పీహెచ్‌డీకి అప్లై చేసినప్పుడు అందరూ అడిగింది అదే. కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చే ఎస్‌ఓపీల్లో (ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పంపే వ్యాసం) ‘చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఆసక్తి’ అని ఉంటుంది, పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. నీ సపోర్ట్ ప్రాజెక్టులో అర్ధరాత్రి ఏదో ఒకటి విరిగి ఉంటుంది కదా, ఎందుకు విరిగిందో వెతికి ఉంటావు కదా, అది రాయి. అలా రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ 40 లక్షలు దేనికో ఇంకోసారి ఆలోచించు. ఇంకోటి, అడ్మిషన్ మరీ ఈజీగా ఇచ్చేస్తున్నారంటే అనుమానించు. ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అని అమెరికా ప్రభుత్వమే వలపన్ని ఒక నకిలీది నడిపింది, 2019లో బయటపడింది, దాన్లో పడినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ.

గోదారిగట్టు:
ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఏం చదవాలో తెలియాలా అక్కా? నాకు అక్కడికెళ్లాకే తెలిసింది.

ల్యాబ్‌అక్క:
నీకు ఇల్లు ఉంది, బ్యాంకు ఉంది. వాడికి పొలం, రెండు రూపాయల వడ్డీ.

మిరపతోట:
నాన్నని అడిగా. బ్యాంకు కాదంట, ఊళ్లో ఒకాయన దగ్గరంట. వడ్డీ ఎంతని అడిగితే ‘అది నీకెందుకురా, నువ్వు చదువుకో’ అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత అమ్మ చెప్పింది, రెండు రూపాయలే. బాబాయ్ గారూ, థాంక్స్. ఈ ఏడాదికి అమెరికా ఆపేశా, డల్లాస్ అన్నయ్య అలిగాడు. గేట్ ఫామ్ నింపుతున్నా, అక్క అడిగిందానికి ఒక పేజీ రాయడం మొదలుపెట్టా, ఒక బ్యాచ్ జాబ్ (టైముకి తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) ప్రతి నెలాఖరుకి ఎందుకు పడిపోయేదో దాని గురించి. ఇంకో డౌట్, వచ్చే ఏడాదికైనా రికమెండేషన్ లెటర్లు కావాలి కదా, డేటాబేస్ సార్‌ని ఎలా అడగాలి? ఫైనలియర్‌లో ఆయన క్లాసుకి నేను నాలుగుసార్లు వెళ్లానేమో.