ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడే గర్భిణికి బి12: ముందు పరీక్షా, నేరుగా మాత్రా?

లంకపిల్ల: షుగరుకో పీసీఓఎస్‌కో (అండాశయాల్లో హార్మోన్ల తేడా) మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతూ నెల తప్పినవాళ్లకి విటమిన్ బి12 తగ్గుతుందంటున్నారు. ఐరన్ మాత్ర అందరికీ ఇస్తున్నట్టే ఇదీ ఇచ్చేస్తే పోదా? లంక గ్రామాల నుంచి అమలాపురం ల్యాబుకి తిప్పడమెందుకండీ?

కాలవగట్టు: ఇచ్చేయడమే మేలండి. చిన్నపేగు చివర బి12 లోపలికెళ్లే దారికి మెట్‌ఫార్మిన్ అడ్డం పడుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్ర వేస్తే అందులో ఒక శాతం దాకా ఆ దారితో పనిలేకుండానే ఇంకుతుంది. అంటే 10. గర్భిణికి రోజుకి కావలసింది రెండున్నర.

సూక్ష్మదర్శిని: లెక్క సరే, ఇచ్చేదెవరికి? ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, నిల్వ 2 నుంచి 5 మిల్లీగ్రాములు, ఏళ్లకేళ్లు వస్తుంది. 20 వారాలయ్యాక మెట్‌ఫార్మిన్ మొదలెట్టినావిడకి కాన్పులోపు అదేం ఖాళీ అవదు. ఆరేడేళ్లుగా మింగుతున్నావిడ సంగతి వేరు. ఆవిడకి ముందు రక్తం తీయాలి. మాత్ర పడ్డాక తీస్తే అంకె లేచిపోతుంది, లోపం ఉందో లేదో ఇక తేలదు.

కాలవగట్టు: గర్భంలో రక్తం పలచబడి అంకె ఎలాగూ పడుతుంది కదండీ. మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కింద వచ్చిందని కంగారు పెట్టడానికా?

సూక్ష్మదర్శిని: అందుకే 200 దరిదాపుల్లో ఉంటే, బి12 లోపిస్తే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్ చూడమనేది. ఖరీదే, కాదనను. అలాగే పెరిగే హోమోసిస్టీన్ పరీక్ష చవక గానీ, అది ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) తగ్గినా పెరుగుతుంది. ఎంసీవీని, అంటే ఎర్రకణాల సగటు సైజుని, మాత్రం నమ్ముకోకండి: ఐరన్ లోపం ఎర్రకణాన్ని చిన్నది చేస్తుంది, బి12 లోపం పెద్దది చేస్తుంది, రెండూ ఉంటే సగటు శుభ్రంగా కనబడుతుంది. పైగా సర్కారు ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాంతో రక్తం కోలుకున్నట్టే ఉంటుంది, అరికాళ్ల తిమ్మిరి వెనకున్న నరాల దెబ్బ ఆగదు.

లంకపిల్ల: బి12 తిండిలో రావాలంటే గోదారి పక్కన చేపలకి కొదవేంటండీ? కార్తీకమాసం మానేస్తారనా?

సూక్ష్మదర్శిని: ఆ నెలకేం కాదు. ఏడాది పొడుగునా నీచు ముట్టని ఇళ్లతోనే చిక్కు. అంగన్‌వాడీ గుడ్డులో అర మైక్రోగ్రాము, అదీ తినకపోతే మిగిలేది పాలూ పెరుగే. పలచటి మజ్జిగని పెరుగు లెక్కలో వేయకండి. చేప తిన్నా మెట్‌ఫార్మిన్ అడ్డు ఉండనే ఉంది.

కాలవగట్టు: ఆయ్, అయితే ఇలా ఒప్పుకుంటా. నాలుగైదేళ్లు దాటి వాడినవాళ్లకీ శాకాహారులకీ పొద్దున రక్తం తీసి, డాక్టరు సరేనంటే రిపోర్టు కోసం ఆగకుండా ఆ సాయంత్రమే మాత్ర మొదలెట్టాలి. చీటీ మీద మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా, రోజుకెంత అన్నది రాయించండి. ఆ గడే ఎప్పుడూ ఖాళీగా ఉంటోంది.