బెదిరింపుతో వచ్చిన ఏకగ్రీవాన్ని ఎన్నిక అనాలా?

పల్నాటి ఓటరు:
2021 పంచాయతీ ఎన్నికల్లో మా పిన్ని వార్డు మెంబరుగా నామినేషన్ వేసింది. ఉపసంహరణకి చివరి రోజు పొద్దున్నే నలుగురు బైకుల మీద వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. తిట్టలేదు, కొట్టలేదు. "మీవాడు కాలేజీకి బస్సులోనే కదా వెళ్లేది?" అని అడిగి, మంచినీళ్లు తాగి వెళ్లారు. మధ్యాహ్నానికల్లా పిన్ని ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టేసింది. పక్కనే ఉన్నాను, పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. సాయంత్రం టపాకాయలు కాల్చి, ఊరంతా ఒక్కమాట మీద ఉందన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మా ఇంటి గొడవే అనుకోకండి. ఆ ఏడాది మార్చిలో మున్సిపల్ ఎన్నికలప్పుడు మాచర్ల, పిడుగురాళ్ల, పులివెందుల, పుంగనూరుల్లో ఒక్క వార్డులోనూ పోలింగ్ జరగలేదు. మాచర్లలో 31 వార్డులు. ఒక్కదానిక్కూడా రెండో మనిషి దొరకలేదంటే ఎలా నమ్మాలి? అంతకు ఏడాది ముందు, 2020 మార్చి 11న, అదే మాచర్లలో ప్రతిపక్ష నాయకుల కారు అద్దంలోంచి దుంగతో పొడిచిన వీడియో అందరం చూశాం. ఇలాంటి ఏకగ్రీవాలు చెల్లకూడదని నా వాదన.

కోనసీమ రైతు:
బాబూ, మీ పిన్నిగారికి జరిగింది ఘోరం. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. మా ఊళ్లో పెద్దలు రామాలయం దగ్గర కూర్చుని, మాట్లాడుకుని సర్పంచ్‌ని నిలబెట్టారు. అంతకు ముందు ఎన్నికల పుణ్యమా అని సొంత అన్నదమ్ములు మూడేళ్లు మాట్లాడుకోలేదు. 2020లో ప్రభుత్వం కూడా ఏకగ్రీవ పంచాయతీలకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. గొడవల్లేకుండా ఊరు బాగుపడితే తప్పేంటి?

వరంగల్ లాయరమ్మ:
రైతు గారూ, ఆ రోజు రామాలయం దగ్గర ఆడవాళ్లు ఎంతమంది కూర్చున్నారు? ఎస్సీ కాలనీ నుంచి ఎవరినైనా పిలిచారా? కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఓటు రహస్యంగా వేసేది పెద్దల మొహం చూడకుండా మన ఇష్టం చెప్పడానికే. పదిమంది ముందు "కాదు" అనే ధైర్యం కూలికెళ్లే మనిషికి ఎక్కడినుంచి వస్తుంది?

తర్వాత కోర్టుకి వెళ్దామన్నా రాజ్యాంగంలోని 243-ఓ అడ్డొస్తుంది, పంచాయతీ ఎన్నికల విషయంలో కోర్టులు నేరుగా జోక్యం చేసుకోకుండా ఆపే అధికరణ అది. ఎలక్షన్ పిటిషన్ ఒక్కటే దారి. దానికి సాక్షులు కావాలి. అరుగు మీద మంచినీళ్లు తాగి వెళ్లినవాళ్ల మీద సాక్ష్యం ఎవరు చెప్తారు? అందుకే అభ్యర్థి ఒక్కరే మిగిలినా పోలింగ్ పెట్టాలి, నోటా ఉంచాలి. నోటాకి ఎక్కువ ఓట్లు పడితే మళ్లీ నామినేషన్లు తీసుకోవాలి.

కడప కుర్రాడు:
ఇదంతా ఒక పార్టీ పాపమేనా? 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో మమ్మల్ని ఓటెయ్యనివ్వలేదని ఈసారి 2021లో అధికారంలో ఉన్న పార్టీయే మొత్తుకుంది. మర్నాడు రెండు బూత్‌లలో రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది.

పల్నాటి ఓటరు:
తమ్ముడూ, నేను ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. రేపు నా పార్టీ వాళ్లే ఇంకొకరి అరుగు మీద కూర్చున్నా నేను ఇదే మాట అంటాను. లాయరమ్మగారు చెప్పిన నోటా ఉండుంటే, పిన్ని తప్పుకున్నా మా వీధి వాళ్లకి తమ మాట చెప్పుకునే వీలుండేది.

నామినేషన్ జిరాక్స్ పిన్ని ఇంకా ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఈసారి ఎన్నికలొస్తే మళ్లీ వేస్తానంటోంది. బాబాయ్ వద్దంటున్నాడు. వెయ్యమని చెప్పాలంటే నాకూ టెన్షన్‌గానే ఉంది, వద్దని చెప్పడానికేమో నోరు రావడం లేదు.