సివిల్ మూడో ఏడాది అయిపోయింది: ఈ మూడు నెలలు సాఫ్ట్‌వేర్ కోర్సుకా, సైట్‌కా, బేసిక్స్‌కా?

మూడో_ఏడాది:
అందరికీ నమస్కారం. సివిల్ మూడో సంవత్సరం అయిపోయింది, మూడు నెలలు ఖాళీ, ఆ తర్వాత ప్రాజెక్టూ ఇంటర్వ్యూలే కాబట్టి మళ్ళీ ఇంత టైమ్ దొరకదు. నా ముందు మూడు దారులున్నాయి. ఈటాబ్స్, స్టాడ్, రివిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు కలిపి చెప్పే కోర్సు ఒకటి, మా క్లాసులో ముప్పావు మంది అందులోనే చేరుతున్నారు. అయిదంతస్తుల బిల్డింగ్ సైట్‌లో ఇంటర్న్‌గా రమ్మన్నారు, జీతం లేదు. లేదంటే ఎక్కడికీ పోకుండా స్ట్రక్చరల్ అనాలిసిస్ (నిర్మాణం బరువుని ఎలా మోస్తుందో లెక్కేసే సబ్జెక్టు), సాయిల్ మెకానిక్స్ (మట్టి గురించిన సబ్జెక్టు) మళ్ళీ మొదట్నుంచి చదువుకోవడం, ఎందుకంటే పరీక్ష పాసయ్యాను గానీ నాకు సబ్జెక్టు రాదు, ఆ సంగతి నాకు తెలుసు. ఎవర్నడిగినా తలా ఒక మాట చెప్తున్నారు. మీరేమంటారు, ఎందుకు?

డిజైన్_డెస్క్:
కోర్సులో చేరండి, ఇందులో ఆలోచించడానికేం లేదు. డిజైన్ ఆఫీసులో పదేళ్ళుగా ఉన్నా, కొత్తవాళ్ళని తీసుకునేటప్పుడు నేనూ కూర్చుంటా. రెజ్యుమేలో సాఫ్ట్‌వేర్ పేరు లేకపోతే అది నా టేబుల్ దాకా రాదు, ముందే హెచ్ఆర్ పక్కన పెట్టేస్తారు, మీకు బేసిక్స్ ఎంత వచ్చో చూపించుకునే అవకాశమే ఉండదు. ఇరవై అంతస్తుల ఫ్రేమ్‌ని ఎవరూ మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ లాంటి పాత పద్ధతితో చేతి మీద లెక్క చెయ్యట్లేదు, చెయ్యలేరు కూడా. బేసిక్స్ ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు, ముందు లోపలికి రావాలి కదా.

సైట్_బూట్లు:
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. తమ్ముడూ, సైట్‌కి పో. జీతం లేకపోయినా పో.

ఎందుకో చెప్తా. నేను చేరిన మొదటి ఏడాది ఒక స్లాబ్ కాంక్రీట్ వెయ్యబోతున్నాం, అంచున మీటరున్నర బాల్కనీ, కాంటిలీవర్, అంటే ఒక వైపే ఆధారం ఉండి బయటికి వేలాడేది. డ్రాయింగ్ కరెక్టే, రాడ్లు కట్టిందీ కరెక్టే, పై రాడ్లు పైనే ఉన్నాయి. పొద్దున్నే పంపు పైపు లాగుతూ మనుషులు ఆ రాడ్ల మీదే అటూ ఇటూ తిరిగారు, చైర్లు (పై రాడ్లని పైనే నిలిపి ఉంచే చిన్న రాడ్డు కాళ్ళు) సరిగ్గా పెట్టలేదు, పది గంటలకల్లా పై రాడ్లన్నీ కిందకి దిగిపోయి సెంట్రింగ్ షీటుకి ఆనుకున్నాయి. నేను చూశా, నాకేం తెలియలేదు, రాడ్లు ఉన్నాయి కదా అనుకున్నా. మేస్త్రీ వచ్చి పోత ఆపించి, అన్నీ పైకి లేపించి చైర్లు కట్టించాడు. కాంటిలీవర్‌లో లాగుడు పైన ఉంటుంది, రాడ్డు కిందుంటే ఉన్నా లేనట్టే, సెంట్రింగ్ విప్పిన రోజే బాల్కనీ కిందకొచ్చేది. నేను దాన్ని పుస్తకంలో చదివాను, పరీక్షలో బొమ్మ కూడా గీశాను, అయినా కళ్ళ ముందున్నప్పుడు పట్టుకోలేకపోయా. ఇంతకాలమైనా ఆ పొద్దు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇది ఏ కోర్సులోనూ రాదు. స్లంప్ (కాంక్రీట్ జారుడు) తక్కువుందని మిక్సర్‌లో బకెట్ నీళ్ళు పొయ్యడం, వైబ్రేటర్ సరిగ్గా దించక కాలమ్ అడుగున తేనెపట్టులా గుల్ల పడటం, కవర్ బ్లాకులు (రాడ్డుకీ షీటుకీ మధ్య ఖాళీ ఉంచే దిమ్మెలు) పెట్టకుండా రాళ్ళ ముక్కలు పెట్టడం, ఇవి చూస్తేనే తెలుస్తాయి.

మూడో_ఏడాది:
తమ్ముడు కాదండి, చెల్లినే :) నిజానికి అదీ ఒక సమస్య. ఆడపిల్లకి సైట్ ఎందుకు, డిజైన్‌లో కూర్చో అని ఇంట్లోనే కాదు కాలేజీలో కూడా అంటున్నారు.

సైట్_బూట్లు:
సారీ అమ్మా. ఆ మాట అనేవాళ్ళని పట్టించుకోవద్దు. నాకు ఆటో లెవల్ (ఎత్తులు కొలిచే పరికరం) పెట్టి బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి లెవల్స్ తియ్యడం నేర్పించింది ఒక మేడమే, ఆవిడ చెక్ చేసిన కాలమ్ లైను మళ్ళీ చూడాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు. వెళ్ళేముందు మాత్రం సేఫ్టీ బూట్లు, హెల్మెట్ ఇస్తారా, టాయిలెట్ సదుపాయం ఉందా, నేర్పించడానికి ఒక ఇంజనీర్ ఉన్నాడా అని అడుగు. ఇవి లేని సైట్ అయితే వద్దు, ఇంకోటి వెతుక్కో.

పాత_పెన్సిల్:
వేరేవాళ్ళు చేసిన డిజైన్లు చెక్ చెయ్యడం నా పని, ఇరవై ఏళ్ళ పైనే అయింది. డిజైన్_డెస్క్ గారు, "బేసిక్స్ తర్వాత నేర్చుకోవచ్చు" అన్న మీ మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. తర్వాత ఎవరూ నేర్చుకోరండి. ఉద్యోగంలో చేరాక గడువులే గానీ చదువు ఉండదు.

మొన్న ఒకతను మోడల్ పట్టుకొచ్చాడు, చూడటానికి రంగులతో బ్రహ్మాండంగా ఉంది. బాగానే చదివే కుర్రాడు. ఏడు మీటర్ల బీమ్‌కి మధ్యలో మొమెంట్ (బీమ్‌ని వంచే ప్రభావం) ఎంత రావాలో నువ్వు చెప్పు అన్నా. సాఫ్ట్‌వేర్ 31 ఇచ్చింది సార్ అన్నాడు. అది ఇచ్చింది సరే, నువ్వెంత అనుకున్నావు అన్నా. మాట్లాడలేదు. తీరా చూస్తే స్లాబ్ బరువు మోడల్‌లోకి రానే లేదు, బీమ్ తన సొంత బరువు మాత్రమే మోస్తోంది. 150 మి.మీ. స్లాబ్ అంటే కాంక్రీట్ ఘనపు మీటరుకి 25 కిలో న్యూటన్ల లెక్కన చదరపు మీటరుకి 3.75, ఈ ఒక్క అంకె నోటికొస్తే అర నిమిషంలో దొరికే తప్పు అది.

నార్వేలో స్లైప్నర్ ఏ అని ఆయిల్ ప్లాట్‌ఫామ్ ఉంది, దాని కాంక్రీట్ అడుగుభాగాన్ని 1991 ఆగస్టు 23న ఫ్యోర్డ్‌లో నీళ్ళలోకి దించి పరీక్షిస్తుంటే ఒక గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. అదృష్టం, ప్రాణం ఎవరిదీ పోలేదు. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్ చేసే లెక్క) ఆ గోడలు కలిసే చోట షియర్‌ని (కోసే బలాన్ని) 47 శాతం తక్కువ చూపించింది, అక్కడ రాడ్ల యాంకరేజ్ (కాంక్రీట్‌లో రాడ్డు చివర పట్టు) కూడా చాల్లేదు. తర్వాత జాగ్రత్తగా మళ్ళీ లెక్కేస్తే 62 మీటర్ల లోతులో పగలాలి అని వచ్చింది, నిజంగా పగిలింది 65 దగ్గర. లెక్క ఎప్పుడూ అందుబాటులోనే ఉంది, వచ్చిన అంకెని అనుమానించిన మనిషే లేడు.

అందుకని అమ్మా, నా ఓటు మూడో దారికి. ఏ బీమ్ చూసినా రన్ బటన్ నొక్కే ముందు జవాబు కాగితం మీద రాసిపెట్టుకునే అలవాటు చేసుకో.

డిజైన్_డెస్క్:
పెన్సిల్ గారు, ఆ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. అక్కడ మెష్ (ఆ ముక్కల వల) మరీ ముతకగా పెట్టారు, ఎలిమెంట్ల ఆకారం కూడా సరిగ్గా లేదు. అంటే సాఫ్ట్‌వేర్ తక్కువ వచ్చినవాళ్ళు చేసిన తప్పు. ఇంకా లోతుగా నేర్చుకోండి అని కదా దాని అర్థం? మెష్ ఎక్కడ సన్నం చెయ్యాలి, డయాఫ్రమ్ (పక్క బలాలకి ఒకే పలకలా పనిచేసే స్లాబ్) ఎప్పుడు రిజిడ్ అనుకోవచ్చు, సపోర్ట్ ఫిక్స్ చెయ్యాలా స్ప్రింగ్ పెట్టాలా, ఇవి కూడా ఇంజనీరింగే.

పైగా చేతి లెక్కలేమన్నా దేవుడి మాటలా? కెనడాలో క్యూబెక్ బ్రిడ్జి 1907లో కూలినప్పుడు కంప్యూటర్ ఎక్కడుందండి, అన్నీ పెన్సిళ్ళే. 75 మంది చనిపోయారు.

పాత_పెన్సిల్:
ఒప్పుకుంటున్నా, చేతి లెక్క కూడా తప్పుతుంది. కానీ క్యూబెక్ సంగతి ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పనివ్వండి. స్పాన్ (రెండు స్తంభాల మధ్య దూరం) 1600 అడుగుల నుంచి 1800కి పెంచారు, పెంచినప్పుడు బ్రిడ్జి సొంత బరువు మళ్ళీ లెక్క కట్టలేదు. తర్వాత తేడా తెలిసినా అప్పటికే పని చాలా దూరం వెళ్ళిపోయిందని సరిపెట్టుకున్నారు. ఇక మిగతా కథ స్టూడెంట్స్ అందరూ తెలుసుకోవాల్సింది. సైట్‌లో నార్మన్ మెక్‌లూర్ అని చిన్న వయసు ఇంజనీర్, కింది కార్డ్ మెంబర్లు (బ్రిడ్జి కింది అంచు పొడుగునా బరువు మోసే ఉక్కు భాగాలు) వంగుతున్నాయని కొలిచి పట్టుకున్నాడు. ముందే వంకరగా వచ్చి ఉంటాయిలే అని కొందరు కొట్టిపారేశారు. అతను ఆగలేదు, న్యూయార్క్‌లో ఉన్న కన్సల్టింగ్ ఇంజనీర్ థియోడర్ కూపర్ దగ్గరికి స్వయంగా వెళ్ళి చెప్పాడు, ఆయన ఇంక బరువు పెంచొద్దని టెలిగ్రామ్ ఇచ్చాడు, ఆ కబురు సైట్‌కి చేరలేదు, అదే రోజు, ఆగస్టు 29 సాయంత్రం, బ్రిడ్జి కూలింది.

అంటే పెద్దాయన లెక్క కంటే కుర్రాడి కొలత నిజం చెప్పింది. ఇది నాకూ మీకూ కాదు, సైట్_బూట్లు గారి వైపు పాయింటు, నిజాయితీగా చెప్తున్నా.

సైట్_బూట్లు:
థాంక్స్ సార్. ఇంకొకటి కూడా నా వైపే. 1981 జులై 17, అమెరికా కాన్సాస్ సిటీ, హయత్ రీజెన్సీ హోటల్లో గాల్లో వేలాడే వంతెనలు పడిపోయి 114 మంది పోయారు. మొదటి డ్రాయింగ్‌లో సీలింగ్ నుంచి ఒకే పొడుగు రాడ్డు రెండు వంతెనలనీ మొయ్యాలి. అంటే నట్టు పై వంతెన దాకా ఎక్కాలంటే అంత పొడుగునా మరలు కొయ్యాలి, పైకి ఎత్తేటప్పుడు ఆ మరలు దెబ్బతినకుండా కాపాడాలి. అలా కుదరదని రాడ్డుని రెండు ముక్కలు చేశారు, దాంతో కింది వంతెన పై వంతెనకి వేలాడింది, పై వంతెన నట్టు మీద బరువు రెట్టింపయింది. ఆ మార్పుని ఎవరూ మళ్ళీ లెక్క కట్టలేదు. గీసినవాడు ఒక్కసారి చేత్తో నట్టు తిప్పి ఉంటే ఆ మొదటి డ్రాయింగే అలా గీసేవాడు కాదని నా నమ్మకం.

మట్టి_మనిషి:
మీరు ముగ్గురూ బీమ్ దగ్గరే ఆగిపోయారు. సివిల్ అంటే బిల్డింగ్ ఒక్కటేనా? రోడ్లు, నీళ్ళు, డ్రైనేజీ, డ్యాములు, సర్వే ఉన్నాయి కదా. అమ్మాయి సాయిల్ కూడా రాదు అని రాసింది, దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పీసా టవర్ 1173లో మొదలుపెట్టారు, పైన రాయి పని ఎంత గొప్పగా ఉన్నా కింద మెత్తటి బంకమట్టి ఒప్పుకోలేదు. 1990లో మూసి 2001లో తెరిచారు, చివరికి దాన్ని కొంత నిలబెట్టింది కూడా వాలని వైపు పునాది కింద నుంచి మట్టి కొద్దికొద్దిగా తియ్యడమే. సైట్‌కి వెళ్తే బోర్ రిపోర్ట్ (బోరు వేసి కింద ఏ మట్టి ఎంత లోతులో ఉందో రాసిన నివేదిక) అడిగి తీసుకుని చదువు, నీటిమట్టం ఎక్కడుందో చూడు, ఫుటింగ్ గొయ్యి తవ్వినప్పుడు కిందకి దిగి మట్టి చేత్తో పట్టుకో, కాకపోతే గోడలకి సపోర్ట్ లేని లోతు గోతిలోకి ఎవరు దిగమన్నా దిగొద్దు.

బిల్లుల_పద్దు:
నాది చిన్న మాట. ఎక్సెల్ బాగా నేర్చుకోండి, డ్రాయింగ్ చూసి క్వాంటిటీ తియ్యడం నేర్చుకోండి. రాడ్డు వ్యాసం మి.మీ.లో స్క్వేర్ చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది, 12 మి.మీ. రాడ్డుకి 0.89. ఇది ఏ కోర్సులో చేరినా చేరకపోయినా పనికొస్తుంది. అలాగే రోజూ అర పేజీ సైట్ డైరీ రాయండి, నాలుగు వాక్యాలు సూటిగా రాయలేని ఇంజనీర్ల వల్ల నేను పడ్డ ఇబ్బంది అంతా ఇంతా కాదు.

డిజైన్_డెస్క్:
నేను నా మాట మీదే ఉన్నా, రెజ్యుమే విషయంలో. కానీ ఒకటి సవరించుకుంటా, డబ్బు కట్టి మూడు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నేర్చుకోవడం వృథా. ఒకటే పట్టుకోండి, స్టూడెంట్ వెర్షన్‌తో మొదలుపెట్టి చిన్న ఫ్రేమ్ చెయ్యండి. మూడు మెనూలు తెలిసినవాడి కంటే ఒక మోడల్‌ని సమర్థించుకోగలిగినవాడిని నేను తీసుకుంటా.

మూడో_ఏడాది:
పది రోజుల తర్వాత వస్తున్నా. కోర్సులో చేరలేదు, పొద్దున సైట్‌కి వెళ్తున్నా, రాత్రి చదువుకుంటున్నా. సైట్‌లో ఒక ఆరు మీటర్ల బీమ్ తీసుకుని పెన్సిల్ గారు చెప్పినట్టు ముందు చేత్తో చేశా. చదరపు మీటరుకి స్లాబ్ 3.75, ఫ్లోరింగ్ 1, లైవ్ లోడ్ (మనుషులు, సామాను) 3, మొత్తం 7.75. మూడు మీటర్ల వెడల్పు దీని మీదకొస్తుంది కాబట్టి 23.25, బీమ్ సొంత బరువు 3.4 కలిపితే మీటరుకి దాదాపు 26.6 కిలో న్యూటన్లు. మధ్యలో మొమెంట్‌కి డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై ఎయిట్ (మీటరు బరువుని పొడవు స్క్వేర్‌తో గుణించి 8తో భాగించడం) వేస్తే 120. స్టూడెంట్ వెర్షన్‌లో ఒక్క ఫ్రేమే గీసి అదే లోడ్ బీమ్ మీద నేరుగా పెట్టి రన్ చేస్తే మధ్యలో 52 చూపిస్తోంది. సగం కూడా లేదు. స్లాబ్ బరువు మర్చిపోలేదు, మూడుసార్లు చూశా. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు, రెండు రాత్రుల్నుంచి ఇదే.

పాత_పెన్సిల్:
చివర్లలో, కాలమ్ దగ్గర ఎంత చూపిస్తోంది?

మూడో_ఏడాది:
రెండు వైపులా 68, మైనస్‌లో.

అయ్యో. 52, 68 కలిపితే 120.

పాత_పెన్సిల్:
అంతే అమ్మా. నీ చేతి లెక్కలో చివర్లు ఊరికే ఆనించావు, మోడల్‌లో కాలమ్ పట్టుకుని ఉంది, అందుకని అదే 120ని మధ్యలో కొంత, చివర్లలో కొంత పంచుకున్నాయి. చివర్లు పూర్తిగా బిగిస్తే 80, 40 అవుతుంది, అప్పుడూ కలిపితే 120నే. నువ్వు తప్పు చెయ్యలేదు, మోడల్ కూడా చెయ్యలేదు. ఇప్పుడు కాలమ్‌ని సగం సైజు చేసి రన్ చెయ్యి, చేసే ముందు 68 పెరుగుతుందా తగ్గుతుందా రాసిపెట్టుకో.

డిజైన్_డెస్క్:
ఈ స్క్రీన్ షాట్, ఆ కాగితం రెండూ జాగ్రత్తగా దాచుకోండి. ఇంటర్వ్యూలో నేనైతే ఇదే అడుగుతా.

సైట్_బూట్లు:
చెల్లీ, ఆ 68 మైనస్ అన్నావు చూడు, దానికి రాడ్లు పైన ఉంటాయి, కాలమ్‌కి అటూ ఇటూ. మీ సైట్‌లో ఆ స్లాబ్ పోత ఎప్పుడో కనుక్కుని, పంపు పైపు లాగే టైమ్‌కి అక్కడ నిలబడు. ఎవరైనా వాటి మీద నడుస్తుంటే ఆపు.

మూడో_ఏడాది:
గురువారం పొద్దున ఆరింటికి అంట. వెళ్తున్నా.