పోతన 'నే' దగ్గర ఆగాలా?

పలికెడిది భాగవతమఁట
పలికించు విభుండు రామభద్రుం డఁట నేఁ
బలికిన భవహర మగునఁట
పలికెద వేఱొండు గాథఁ బలుకఁగ నేలా!

పోతన భాగవతంలోని ఈ కంద పద్యం నోటికి రానివాళ్ళు ఈ పద్యాల గుంపులో ఉండరు కాబట్టి అర్థం జోలికి పోను. నా గోలంతా పాడటం గురించి. సభల్లోనూ పద్యాల పోటీల్లోనూ చూస్తుంటాను, రెండో పాదం చివరి 'నే' రాగానే గాయకుడు కళ్ళు మూసుకుని రాగం అందుకుంటాడు. మోహన ఎక్కి, దిగి, ఊపిరి పీల్చుకుని, తీరిగ్గా 'పలికిన' అంటాడు. పలికేది భాగవతం, పలికించేది రాముడు, నడుమ నేనెంత అంటున్నాడు పోతన. మనం రాగమంతా తీసుకెళ్ళి ఆ 'నేను' నెత్తినే పోస్తున్నాం.

నేను విద్వాంసుణ్ణి కాను. ఆఫీసు నుంచి వచ్చాక హార్మోనియం ముందు కూర్చుంటాను, అప్పుడప్పుడు కందాలు కడుతుంటాను. కట్టేవాడికి ఆ 'నే' అక్కడికి ఎలా వచ్చిందో ఇట్టే తెలుస్తుంది. కందంలో రెండు, నాలుగు పాదాల చివర గురువు (రెండు మాత్రల అక్షరం; ఒక మాత్రదైతే లఘువు) తప్పదు. మాత్రలన్నీ సర్ది, ఆరో గణంలో (గణమంటే అక్షరాల చిన్న కట్ట) జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) ఇరికించి, హమ్మయ్య అనుకునేసరికి ఇంకొక్క గురువు బాకీ ఉంటుంది. చేతికి తగిలేవి నే, తా, ఆ, రా. నా పద్యాల్లో ఇవి ఎక్కువగా ఊరికే కూర్చుని ఉంటాయి. 'కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు' అని ఊరికే అనలేదు మనవాళ్ళు. సుమతీ శతకకారుడికి నాలుగో పాదం బాధ లేదు, 'సుమతీ' అనే మకుటంలోనే గురువు ఉంది. రెండో పాదం మాత్రం ఆయనకూ తప్పలేదు:

మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము

తాను ఎక్కిన గుర్రం అది. బడిలో అందరం 'దా' దగ్గర ఆగి 'నెక్కిన' అని మొదలుపెట్టాం. నెక్కడమంటే ఏమిటని ఏ పిల్లవాడూ అడిగినట్టు లేదు.

వ్యాఖ్య: పాదం చివర ఆగకపోతే అది వచనమైపోదా అండీ? యతి అంటేనే విరామం కదా. పైగా నాటకంలో జనం వన్స్‌మోర్ కొట్టేది ఆ రాగానికే.

జవాబు: వన్స్‌మోర్ సంగతి ఒప్పుకుంటాను, నేనూ కొట్టినవాణ్ణే. యతి విరామం కావడం సంస్కృతంలోనండీ. తెలుగులో అది అక్షరాల మైత్రి, పాదం మొదటి అక్షరంతో నడుమ ఒక అక్షరం జత కలవడం. రెండో పాదంలో 'ప'కు యతి 'భద్రుం'లోని 'భ'. అక్కడ ఆగితే రాముడొక చోట, భద్రుడొక చోట. అలా ఎవరూ ఆగరు. పాదాంతం విషయానికొస్తే, 'పలికిన' అని కాక 'బలికిన' అని ఉండటం చూడండి. నేన్ + పలికిన, ద్రుతం (మాట చివరి నకారం) వల్ల 'ప' సరళమై 'బ' అయింది. మాటలు పాదం దాటి అతుక్కున్నాయి. కవి కలిపిన చోట గాయకుడు ఎందుకు కోయాలి?

వ్యాఖ్య: నేను వీణ నేర్చుకుంటున్నాను. ఆగకుండా పాడితే తాళానికి కుదురుతుందా?

జవాబు: కుదరడమేమిటమ్మా, అక్కడే మజా ఉంది. కందంలో గణానికి నాలుగు మాత్రలు. మొదటి పాదంలో 3 గణాలు, రెండో పాదంలో 5. గణానికొక దెబ్బ చొప్పున ఆదితాళం వేయండి. 'పలికెడి | దిభాగ | వతమఁట' మూడు, 'పలికిం | చువిభుం | డురామ | భద్రుం | డఁటనేఁ' అయిదు. ఎనిమిది దెబ్బలకు ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, సరిగ్గా నిండుతుంది. 'నే' ఆవర్తం చివరి రెండు మాత్రల్లో పడి, 'బలికిన' సమం (తాళం మొదటి దెబ్బ) మీద లేస్తుంది. ఆ మూడో పాదం పన్నెండు అక్షరాలూ లఘువులే! దీర్ఘం లేదు, నిండుసున్నా లేదు, పరుగే. అలాంటి పరుగుకు ముందు 'నే'ని సాగదీస్తే దూకబోయేవాణ్ణి చొక్కా పట్టుకుని లాగినట్టుంటుంది.

తాళం లేకుండా పాడేటప్పుడు నేను 'రామభద్రుండఁట' దగ్గర ఊపిరి తీసుకుంటాను. 'నేఁ బలికిన భవహర మగునఁట' ఒక్క ఊపిరి. రాగం కావాలంటే చివర 'నేలా' ఉంది, రెండూ గురువులు, ఆకారంతో ముగుస్తుంది, ఎంతసేపు పాడినా పోతన ఏమీ అనుకోడు. పైగా మూడు 'అఁట'ల తరువాత 'పలికెద' అని ఆయన సొంతంగా ఒప్పుకున్నది ఆ పాదంలోనే.

వ్యాఖ్య: మరి 'దా నెక్కిన' ఎలా పాడతారు?

జవాబు: 'మోహరమున' దగ్గర చిన్న విరుపు, తరువాత 'దానెక్కిన బారని గుర్రము' కలిపి. రెండో పాదం ఇలా మూడో పాదంలోకి దూకే కందాలు మీకు తోచినవి ఇక్కడ పెట్టండి. ఆదివారం హార్మోనియం మీద ఒక్కొక్కటే పాడి చూస్తాను.