పాత క్లైంబర్లు చెప్పుకుని నవ్వే పొరపాట్లు: అసలు బెడిసికొట్టేది ఎక్కడ?

జారుడుబండ:
సీనియర్ క్లైంబర్లు నలుగురు ఒకచోట చేరితే తిరిగి తిరిగి అవే కథలు. రాపెల్ చేసి (తాడు పట్టుకుని బండ మీంచి జారుతూ) దిగాక తాడు పైనే ఉండిపోయిందట. దిగుతుంటే చొక్కా బిలే డివైస్‌లోకి (తాడు జారకుండా ఆపే పరికరంలోకి) పోయి మనిషి అరగంట గాల్లో వేలాడాడట. "టేక్" (తాడు బిగించు) అని గొంతు చించుకుంటే కిందివాడు ఇంకో రెండు మీటర్ల తాడు వదిలాడట. కొత్త క్యామ్ (పడితే ఆపడానికి పగులులో విచ్చుకుని పట్టే పరికరం) పగులులో పెడితే ఇప్పటికీ అక్కడే ఉందట. చెప్పేవాళ్లూ నవ్వుతారు, వినేవాళ్లూ నవ్వుతారు. కానీ ఎందుకలా అయింది, ఆ క్షణంలో ఏం చేయాలి అన్నది మాత్రం ఏ కథలోనూ ఉండదు.

ఇండోర్ గోడ మీద లీడ్ (తాడు వెంట తీసుకుని ముందుగా ఎక్కడం) బాగానే వచ్చి, బయట మల్టీపిచ్ (ఒక తాడు పొడవుకు మించి, అంచెలుగా ఎక్కే) రూట్లు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు పనికొచ్చేలా చెప్తారా? తాడు 60 మీటర్ల సింగిల్ రోప్ (ఒంటిగానే వాడే తాడు) అనుకోండి. కథలు వద్దు, కథ వెనకున్న కారణం చాలు.

ఉడుంపట్టు:
తాడు దగ్గరే మొదలుపెడదాం, నవ్వుల్లో సగం వాటా దానిదే.

60 మీటర్ల తాడు నడిమి గుర్తు యాంకర్ (బండకు బిగించిన ఆధారం) రింగులో ఉండేలా వేస్తే రెండు పేటలూ చెరి 30 మీటర్లు దిగుతాయి. కొసలు దాటి జారిపోకుండా రెండింటికీ స్టాపర్ ముడులు వేస్తాం. అది తప్పనిసరి, అందులో వాదన లేదు. చిక్కు వచ్చేది కిందికి చేరాక. దిగామన్న ఊరటలో ముడి విప్పకుండానే లాగడం మొదలుపెడతారు. ముడి ఉన్న కొస మీ కళ్ల ముందే హుందాగా పైకి వెళ్లి రింగు దగ్గర ఆగిపోతుంది. అప్పటికి అది 30 మీటర్ల ఎత్తున ఉంటుంది.

దీనికి నాకు నచ్చిన విరుగుడు ఒకటుంది. ముందు దిగినవాడు లాగాల్సిన పేట కొసకు ముడి విప్పి, దాన్ని వెంటనే కింది యాంకర్ రింగులోంచి దూర్చి, మళ్లీ ముడి వేయాలి. దీంతో తాడు చేజారి కిందికి పోదు, తర్వాతి రాపెల్‌కి సగం పని అయిపోతుంది. పైకి వెళ్లాల్సిన రెండో కొసకు మాత్రం ముడి ఉండకూడదు. చివరివాడు దిగి, యాంకర్‌కి తగిలించుకున్నాక ఆ రెండో కొసను చేత్తో పట్టుకుని, "ముడి లేదు" అని పైకే అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు.

చివరివాడు ఇంకా పైన ఉండగానే కిందివాడు ఒక మీటరు లాగి చూడాలి. కదలకపోతే, తాడు అంచు మీద నొక్కుకుందో రెండు పేటలూ మెలిక పడ్డాయో సరిచేయడానికి పైన ఒక మనిషి ఉన్నాడు. అతను దిగేశాక ఆ సంగతి తెలిస్తే చేయగలిగింది తక్కువ.

రెండు తాళ్లు కలిపి దిగేటప్పుడు కలిపే ముడి రింగుకి ఏ పక్కన ఉందో ఆ పేటే లాగాలి. ఎర్ర తాడా నీలం తాడా అన్నది దిగకముందే ఇద్దరూ పైకి చెప్పుకోవాలి. రెండో పేట లాగితే ముడి రింగులో బిగుస్తుంది, ఇక ఎంతమంది లాగినా రాదు. కలిపే ముడిగా ఫ్లాట్ ఓవర్‌హ్యాండ్ (రెండు కొసలూ పక్కపక్కన పెట్టి వేసే మామూలు ముడి) వేయండి, తోకలు (ముడి దాటి మిగిలే కొసలు) కనీసం 30 సెంటీమీటర్లు ఉంచి, నాలుగు పేటలూ విడివిడిగా బిగించండి. అంచు తగిలినప్పుడు ఆ ముడి పక్కకు దొర్లుతుంది కాబట్టి తక్కువగా ఇరుక్కుంటుంది. ఇంకాస్త గట్టిగా ఉంటుందని ఇదే తీరులో ఫిగర్ ఎయిట్ (8 ఆకారపు ముడి) వేసేవాళ్లున్నారు. అది తక్కువ బరువుకే తిరగబడి తోకను మింగుతుంది, ప్రాణాలు పోయాయి. అది మాత్రం వద్దు.

తాడుబొంగరం:
పై మాటకు ఒక చేర్పు. ముడుల గొడవ ఎందుకని రెండు కొసలూ కలిపి ఒకే ముడి వేస్తారు కొందరు. అలా చేస్తే తాడులోని మెలికలు కిందికి జారిపోవడానికి దారి ఉండదు. సగం దూరం దిగేసరికి మీ కింద జడ అల్లినట్టు తయారవుతుంది. ఏ కొసకు ఆ కొసకే విడిగా బ్యారెల్ ముడి (చుట్లు చుట్టి వేసే స్టాపర్ ముడి) వేయండి, తోక జానెడు ఉంచండి.

ఇంకో సంగతి. నడిమి గుర్తును గుడ్డిగా నమ్మకండి. ఒక కొస దగ్గర తాడు నలిగిందని ఎవరో నాలుగు మీటర్లు కోసేసి ఉంటారు. గుర్తు మాత్రం పాత చోటే ఉంటుంది. ఇప్పుడది నడుమ కాదు. గుర్తు దగ్గర పట్టి వేస్తే ఒక పేట 30, రెండోది 26. "మా తాడు 60 మీటర్లే" అని ప్రమాణం చేసేవాడి తాడుతో 32 మీటర్ల రూట్ నుంచి లోయర్ చేస్తే (కిందివాడు, అంటే బిలేయర్, తాడు వదులుతూ ఎక్కినవాణ్ని దించితే) ఏమవుతుందో చూడండి: పోనూ రానూ 64 మీటర్లు కావాలి, తాడు సాగుతుంది కాబట్టి కాస్త కలిసొస్తుందేమో గాని, ఆ నమ్మకంతో కొసకు ముడి వేయడం మానేస్తే బిలేయర్ చేతిలోంచి కొస సర్రున జారిపోతుంది. ఇంట్లో కొస నుంచి కొసకు కొలిచి, గుర్తు మళ్లీ పెట్టుకోండి.

జారుడుబండ:
ఉడుంపట్టు అన్నా, ముడి విప్పినా తాడు ఇరుక్కుంది అనుకుందాం. ఒక కొస పైకి వెళ్లిపోయింది, రెండోది చేతిలో ఉంది. గట్టిగానే బిగిసింది కదా అని ప్రూసిక్ (బరువు పడితే తాడును పట్టేసే సన్న తాడు చుట్టు) కట్టుకుని ఎక్కేయొచ్చా?

ఉడుంపట్టు:
వద్దు తమ్ముడూ. బిగిసింది అంటున్నావు, దేని మీద బిగిసిందో చూశావా? పొదలో చిక్కుకుని ఉండొచ్చు, వదులు బండ వెనక ఉండొచ్చు. ముగ్గురు కలిసి లాగినా రానిది, నువ్వు పది మీటర్లు ఎక్కి తాడు కోణం మారగానే ఊడి రావచ్చు.

వరస ఇది. ముందు తాడు వదులు చేసి, కింద నుంచి అలలా విసురు. ఆ అల పైదాకా వెళ్తే చాలాసార్లు అదే విడిపిస్తుంది. తర్వాత ఎడమకు, కుడికి, యాంకర్ పొడవు అనుమతించినంత బయటికి జరిగి వేరే కోణంలో లాగు. ముగ్గురూ వేలాడి లాగడం ఆఖరి మాట, ఎందుకంటే పగులులో పడ్డ తాడు లాగినకొద్దీ ఇంకా లోపలికి దిగుతుంది. తెగేదాకా లాగొద్దని పెద్దలు ఊరికే అనలేదు.

రెండు కొసలూ ఇంకా చేతికి అందుతుంటే సంగతి వేరు. రెండు పేటలూ కలిపి ప్రూసిక్ చుట్టి ఎక్కొచ్చు, ఎందుకంటే తాడు రింగులోంచి వెళ్లిందని నీకు తెలుసు. 6 మి.మీ. కార్డు (సన్న తాడు) లూప్, మూడు చుట్లు, నడుముకొకటి, కాలికొకటి. ప్రతి నాలుగైదు మీటర్లకు కింద ఒక ముడి వేసి హార్నెస్‌కి (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీకి) తగిలించుకుంటూ వెళ్లు.

ఒక కొసే ఉంటే, కిందికి వచ్చిన తాడు ఎంతుందో లెక్కపెట్టు. పాతిక మీటర్లు వచ్చి ఇరుక్కుంటే ఆ పాతికతో బిలే పెట్టుకుని, ప్రొటెక్షన్ (పడితే ఆపే క్యామ్‌ల లాంటివి) వేసుకుంటూ లీడ్ చేసి చిక్కు దాకా వెళ్లొచ్చు. అయిదు మీటర్లే వస్తే ఆ అయిదుతో ఎక్కడికీ వెళ్లలేవు, సాయం కోసం కబురు పెట్టడమే. అందుకే లాగడం మొదట్లో మెల్లగా, ఒకే తీరుగా ఉండాలి. కొస రింగు దాటబోతుండగా ఒక్కసారి గట్టిగా ఈడ్చితే అది గోడకు దూరంగా ఎగిరి పడుతుంది. పడేటప్పుడు "తాడు" అని అరవడం మరవొద్దు, దాంతోపాటు రాళ్లూ వస్తాయి.

గూడుపక్షి:
చొక్కా సంగతి నేను చెప్తాను.

డివైస్ బిలే లూప్‌కే (హార్నెస్ ముందున్న పట్టీకే) నేరుగా ఉంటే పొట్ట ముందు ఉంటుంది. వంగి కిందికి చూసినప్పుడల్లా వదులు టీ షర్టు అందులోకి పోతుంది. తాడు లాక్కునేది ఒక్క గుడ్డనే కాదు, దాని వెనకున్న చర్మాన్ని కూడా. దీనికి మందుగా 120 సెంటీమీటర్ల స్లింగ్‌ను (కుట్టిన పట్టీ వలయాన్ని) మడిచి, నడుమ ఒక ముడి వేసి డివైస్‌ను ఛాతీ ఎత్తుకు పెంచమంటారు. మంచి పద్ధతే. కాకపోతే చొక్కా గండం తప్పి గడ్డం వంతు వస్తుంది. జడ ఉన్నవాళ్లు దాన్ని చొక్కా లోపలికి తోసుకుని హెల్మెట్ పెట్టుకోవాలి.

డివైస్ కింద ఆటోబ్లాక్ (చెయ్యి వదిలితే తాడును పట్టేసే కార్డు చుట్టు) ఉంటే ఇరుక్కున్న క్షణంలో రెండు చేతులూ ఖాళీ. లేకపోతే బ్రేక్ తాడును (డివైస్ కింద చేత్తో పట్టుకునే పేటను) తొడ చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పి ముందు ఆగండి. తర్వాత డివైస్ పైన రెండు పేటల మీదా ప్రూసిక్ కట్టి, దానికి పొడవాటి స్లింగ్ వేలాడదీసి అందులో పాదం పెట్టి నిలబడండి. బరువు డివైస్ మీంచి పోగానే తాడు వదులవుతుంది, గుడ్డ బయటికి వస్తుంది. రెండు నిమిషాల పని. ఆ కార్డు బ్యాగు అడుగున ఉంటే అరగంట పని, కథల్లో అరగంట వేలాడేది అందుకే.

కత్తి మాత్రం తీయకండి. వదులు తాడు కోయాలంటే రంపంలా ఆడించాలి. మనిషి బరువుతో బిగిసిన తాడుకు కత్తి తగిలితే చాలు, తెగుతుంది. గుడ్డ తప్పక కోయాల్సి వస్తే ముందు బరువు తీసి, మొద్దు మొన ఉన్న చిన్న కత్తెరతో కోయండి.

మాటపొదుపు:
అరుపుల గురించి. "టేక్ అప్ ద స్లాక్" (వదులు తాడు లాగు) అని ఎప్పుడూ అనకండి. గాలిలో ముందు మాటలు ఎగిరిపోయి ఆఖరి "స్లాక్" (తాడు వదులు) ఒక్కటే కిందికి చేరుతుంది. కిందివాడు బుద్ధిమంతుడు, అడిగినట్టే తాడు వదులుతాడు. అలాగే "ఓకే" నిషేధించండి, దానికి ఏ అర్థమైనా పలుకుతుంది. పక్క రూట్ మీద ఇంకో జట్టు ఉంటే ప్రతి పిలుపుకూ ముందు మనిషి పేరు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, నేల మీద ఉండగానే తేల్చుకోవాల్సింది: పైకి వెళ్లినవాడు లోయర్ అవుతాడా, సొంతంగా రాపెల్ చేస్తాడా? పైవాడు లోయర్ అనుకుని వెనక్కి వాలతాడు, కిందివాడు రాపెల్ అనుకుని బిలే తీసేసి టీ తాగుతుంటాడు. తాడు బిగుతు చేత్తో తెలిసేదాకా వెనక్కి వాలకండి.

నట్టుకీలు:
క్యామ్ ఇరుక్కోవడం సగం భయం వల్ల. చేతులు వణుకుతుంటే ఇంకాస్త పెద్దది పెడితే గట్టిగా ఉంటుందనిపిస్తుంది. ట్రిగ్గర్ (క్యామ్‌ను ముడిచే మీట) పూర్తిగా లాగి తోసేస్తారు. ఇక బయటికి తీయాలంటే ముడుచుకోవడానికి లోబ్‌లలో (పగులు గోడలను పట్టే రెక్కల్లో) చోటే ఉండదు. సగం నుంచి ముప్పావు దాకా ముడుచుకునేలా సైజు ఎంచుకోండి. రెండో కారణం, తాడు కదిలినప్పుడల్లా స్టెమ్ (క్యామ్ కాడ) ఊగి క్యామ్ లోపలికి "నడుస్తుంది". 60 సెంటీమీటర్ల స్లింగ్‌తో పొడిగిస్తే ఆ ఊపు తగ్గుతుంది.

ఇరుక్కున్నాక స్టెమ్ పట్టుకుని గుంజకండి. లోపలికి చూడండి, తరచూ ఒక్క లోబే పట్టేసి ఉంటుంది. పగులు ఎటు వెడల్పవుతుందో అటు మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరపండి. ట్రిగ్గర్ వేలికి అందనంత లోతుకు పోతే రెండు నట్ల (వైరుకు ఉన్న, పగులులో ఇరికించే లోహపు ముక్కల) వైర్ లూప్‌లను ట్రిగ్గర్‌కి చెరో వైపు తగిలించి, అవి లాగుతూ స్టెమ్‌ను లోపలికి నొక్కండి. నట్ అయితే ఎటు లాగి బిగించారో దానికి ఎదురు దిక్కుగా నట్ టూల్‌తో (నట్లు ఊడదీసే సన్నటి పనిముట్టుతో) తట్టండి. ఆ టూల్‌కి తాడు కట్టి ఉంచండి, అది కింద పడటం ఇంకో కథ.

పాతవాళ్లకు ఈ బాధ లేదనుకోకండి. రే జార్డీన్ క్యామ్‌లు "ఫ్రెండ్స్" పేరుతో 1978లో అమ్మకానికి వచ్చాయి, ఇరుక్కున్న ఫ్రెండ్ మీద జోకులకు పేరే సగం పని చేసిపెట్టింది. అంతకుముందు నవ్వులన్నీ హార్నెస్ మీద. 1970 అన్నపూర్ణ దక్షిణ ముఖం యాత్ర కోసం డాన్ విలన్స్ రూపొందించిన హార్నెస్‌లో పట్టీ రెండు కాళ్ల మధ్య నుంచి పైకి వచ్చేది. అందులో వేలాడిన మగవాళ్లు ఎందుకు తొందరగా పైకి ఎక్కేవారో విడమరచక్కర్లేదు.

తాడుబొంగరం:
హార్నెస్ మాట వచ్చింది కాబట్టి టై-ఇన్ ముడి (తాడును హార్నెస్‌కి కట్టేది) కూడా. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూలో పేరుమోసిన క్లైంబర్ లిన్ హిల్ అంతటి ఆవిడ తాడును హార్నెస్‌లోంచి దూర్చి, నడుమ బూట్ల పని చూసుకుని, ముడి పూర్తి చేయకుండానే ఎక్కింది. పైకి చేరి వెనక్కి వాలితే దాదాపు 22 మీటర్లు పడింది. చెట్టు కొమ్మలు అడ్డుపడి ప్రాణం దక్కింది. ముడి వేయడం రాక కాదు, మధ్యలో ఆపడం వల్ల అలా అయింది. ముడి మొదలుపెట్టినవాడితో మాట్లాడకండి. అది పూర్తయ్యాక ఒకరి ముడి, బకిల్, కారాబైనర్ (గేటు ఉన్న లోహపు కొక్కెం) లాక్ ఇంకొకరు చేత్తో తడిమి చూడండి.

జారుడుబండ:
చాలా ఉపయోగపడింది అందరికీ థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది: బిలే డివైసే చేజారి కింద పడితే?

గూడుపక్షి:
పెద్ద బేరి ఆకారం లాకింగ్ కారాబైనర్ ఒకటి ఉంటే మంటర్ హిచ్ (కారాబైనర్‌లోనే తాడు తిప్పి ఆపే ముడి) వేయండి, బిలేకీ రాపెల్‌కీ రెండింటికీ పనికొస్తుంది. బ్రేక్ పేట బరువు పేటకు సమాంతరంగా ఉన్నప్పుడు పట్టు ఎక్కువ. లాక్ గేటు మీద తాడు రుద్దుకోకుండా బ్రేక్ పేట గేటుకు ఎదురు వైపు రావాలి, లేకపోతే స్క్రూ తనంతట తానే విప్పుకుంటుంది. దిగాక తాడు నిండా మెలికలుంటాయి. ఒక కొస నుంచి మొదలుపెట్టి మొత్తం తాడు వదులుగా చేతుల్లోంచి జార్చి కుప్ప వేస్తేనే పోతాయి. అలా చేయకుండా తర్వాతి రాపెల్‌కి వేశారంటే, మళ్లీ ఉడుంపట్టు చెప్పిన చిక్కు దగ్గరికే వస్తారు.